బాడవ చేలకి వరి కోత చైను మిషన్: చైను పొడవు చూడాలా, వెడల్పు చూడాలా?

ఉప్పలగుప్తం కుర్రోడు:

అందరికీ నమస్కారమండి. మాది ఉప్పలగుప్తం మండలంలో సముద్రం వైపు ఊరు. సొంత చేను కొంత, కౌలు కొంత. సార్వాలో, అంటే ఖరీఫ్‌లో, ఎక్కువగా స్వర్ణ రకం వరే వేస్తాం. మా ఆయకట్టులో సగానికి సగం బాడవ, అంటే నీరు నిలిచే పల్లపు నేల. వాన పడ్డప్పుడు సముద్రం పోటు మీదుంటే డ్రెయిన్లో నీరు కిందికి లాగదు సరికదా, ఎదురు మా చేలోకే తన్నుకొస్తుంది. 2011లో కోనసీమ రైతులు సార్వాకి క్రాప్ హాలిడే పెట్టి సాగు మానేసినప్పుడు చెప్పుకున్న బాధల్లో ఈ మురుగు బాధ కూడా ఒకటి. ఇప్పటికీ మా వైపు పెద్దగా మారిందేం లేదు.

సరే, విషయానికొస్తా. కోతల టైముకి తుపాను పట్టిందంటే మా చేలో టైర్ల మీద నడిచే కోత మిషన్ దిగదు. రబ్బరు చైన్ల మీద నడిచే చైను మిషన్ కావాలంటే ఊరంతా ఒకేసారి అడుగుతారు, గంట రేటు వాళ్లు చెప్పిందే. కిందటి సార్వాకి ఒక ఓనరు మా దగ్గర అడ్వాన్సు పుచ్చుకుని, అవతల ఎవరో ఎక్కువిస్తామన్నారని బండి అటు తోలేశాడు. పడిపోయిన చేలో కంకులకి మొలకలొచ్చేశాయి. అందుకని నేనూ మా పెదనాన్నగారి అబ్బాయీ కలిసి సెకండ్‌హ్యాండ్‌లో ఒక చైను మిషన్ కొందామనుకుంటున్నాం.

రెండు బండ్లు చూశాం. మొదటిదాని రబ్బరు చైను 450 మిల్లీమీటర్ల వెడల్పు, నేలకి ఆనే పొడవు 170 సెంటీమీటర్లు. రెండోదానిది 500 వెడల్పు, పొడవు 150. రెండూ ఇంచుమించు మూడు టన్నుల బండ్లే.

మా బావ అమెరికాలో ఐడహోలో ఉంటాడు. చలికాలం వస్తే కొండల మీద మంచులో స్నోమొబైల్, అంటే మంచు మీద నడిచే చైను బండి, తోలడం ఆయనకి పిచ్చి. ఫోన్లో చెప్తే, "పొడుగు చైనుదే తీసుకోరా, ఎంత పొడుగుంటే అంత తేలుతుంది" అన్నాడు. మంచుకీ మన బురదకీ ఒకటే లెక్కాండీ? రెంటిలో ఏది మధ్యలో చెయ్యివ్వకుండా నడుస్తుందో అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.


తణుకు రైతు:

తమ్ముడూ, సొంతానికి చైను మిషన్ ఎందుకు? మా వైపు పంజాబు నుంచి టైరు మిషన్లు దిగుతాయి, ఎకరం కోసేసి చక్కాపోతాయి. దాళ్వా, అంటే రబీ వరి, కోతలకి ఏప్రిల్లో నేల ఎలాగూ ఎండి బీటలు తీసి ఉంటుంది. ఆ నేల మీద రబ్బరు చైను తిప్పడం అంటే డబ్బులు అరగదీసుకోవడమే. తుపాను వచ్చిన ఏడాది మాత్రం అద్దెకి తెచ్చుకో.


చైనుబండి బాబాయ్ (ముమ్మిడివరం):

తణుకు రైతుగారి మాట వారి చేలకి సరేనండి, ఆయ్. అక్కడివి మెరకలు. 2013లో హెలెన్ తుపాను వెళ్లాక, 2023 డిసెంబరులో మిగ్‌జాం వెళ్లాక, మా వైపు చేలు చూసినవాళ్లెవరూ అద్దెకి తెచ్చుకోమని చెప్పరు. అద్దెకి ఉంటేగా తెచ్చుకోవడానికి!

బాబూ, కాగితం తీసుకో. చైను వెడల్పుని నేలకి ఆనే పొడవుతో హెచ్చవెయ్యి. రెండు చైన్లు కాబట్టి రెట్టింపు చెయ్యి. మొదటి బండికి 45 ఇంటూ 170 ఇంటూ 2, అంటే 15,300 చదరపు సెంటీమీటర్లు. రెండోదానికి 50 ఇంటూ 150 ఇంటూ 2, అంటే 15,000. మూడు టన్నుల్ని దాంతో భాగిస్తే రెంటికీ చదరపు సెంటీమీటరుకి 0.2 కిలో దగ్గరే తేలింది. తేడా నూటికి రెండు వంతులు. పొడవా వెడల్పా అని నువ్వు బుర్ర పాడుచేసుకుంటున్నది ఈ రెండు వంతుల కోసం.

ఇప్పుడు ట్యాంకులో ఒక టన్ను వడ్లు పడ్డాయనుకో. అదే బండి 0.26 దాటింది. మూడో వంతు బరువు పెరిగిపోయింది. పైగా వానకి తడిసిన వడ్లు ఇంకా బరువు. కాబట్టి బాడవలో ట్యాంకు నిండేదాకా కొయ్యమనే డ్రైవరుని పక్కన పెట్టు. సగమయ్యేసరికి గట్టు మీద ట్రాక్టరు తొట్టిలోకి దులిపించు. డీజిలు నాలుగు లీటర్లు ఎక్కువ కాలితే కాలనీ.

పొడవు కొలిచేటప్పుడు ఒక మాట. చైను మీద అచ్చులో 450×90×51 లాగా మూడంకెలు ఉంటాయి. మొదటిది వెడల్పు మిల్లీమీటర్లలో, రెండోది ఒక లింకు నుంచి ఇంకో లింకుకి దూరం, మూడోది లింకుల లెక్క. 90ని 51తో హెచ్చవేస్తే 4,590 మిల్లీమీటర్లు, అది చైను చుట్టుకొలత. కొందరు డీలర్లు అది చూపించి మాది పొడుగు చైను అంటారు. నీకు కావలసింది అది కాదు. చైను లోపల తిరిగే చిన్న చక్రాల్లో, అంటే రోలర్లలో, ముందుది నేలని తాకే చోటు నుంచి వెనక ఆఖరి రోలరు తాకే చోటుదాకా టేపు పట్టు. అదీ పొడవు. నువ్వు అలాగే కొలిచావా, లేక వాళ్లు చెప్పింది రాశావా?

ఇక మీ బావగారి మాట. ఆయన తప్పు చెప్పలేదు, ఆయన నేల వేరు. మంచుకి అడుగు ఉండదు. బండి దాని మీద తేలాల్సిందే, తేలకపోతే కూరుకుపోవడమే. మన చేనుకి అడుగు ఉంది. ఏళ్ల తరబడి నీళ్లు పెట్టి దున్ని దమ్ము చేసీ చేసీ పైన మెత్తటి బురద, దాని కింద జానెడు లోతులో గట్టి పొర ఏర్పడి ఉంటుంది. నువ్వు ఊడ్పులప్పుడు చేలో నడిస్తే కాలు దిగి ఒకచోట ఆగుతుందే, అదే. నడిచేటప్పుడు బరువంతా ఒంటి కాలి మీద పడితే మనిషి కూడా మిషన్ కంటే గట్టిగానే నేలని నొక్కుతాడు. అయినా మోకాలిదాకా దిగబడిపోవట్లేదంటే ఆ పొర పుణ్యమే. చైను మిషన్ మన చేలో తేలదు బాబూ, దిగి ఆ పొర మీద నడుస్తుంది. అందుకని నువ్వు ముందు చూడాల్సింది చైను పొడవు కాదు, బండి కడుపు నేలకి ఎంతెత్తులో ఉందో. గేర్‌బాక్సు అడుగు, చైన్ల మధ్యన కిందికి వేలాడే భాగం. గట్టి పొర లోతు కంటే కడుపు ఎత్తు ఎక్కువుంటే బండి పోతుంది. కడుపు బురద మీద కూర్చుందా, ఇక చైను ఎంత పొడుగుదైనా ఉన్నచోటే గిరగిరా తిరుగుతూ నేలని తవ్వుకుంటుంది.

అలా కూర్చున్న బండిని లాగడం చూస్తే తెలుస్తుంది. కాట్రేనికోన వైపు ఒక చేలో, డ్రెయిన్ పక్క మడిలో మా బండి కడుపు ఆనింది. ట్రాక్టరు వచ్చి లాగబోతే ట్రాక్టరే దిగబడింది. చివరికి కొబ్బరి దుంగ ఒకటి తెచ్చి, రెండు చైన్లకీ అడ్డంగా ముందు పెట్టి, రెండు కొసలూ చైన్లకి గొలుసుతో బిగించాం. డ్రైవరు చీమ నడకన వదిలాడు. చైను తిరుగుతూ దుంగని కిందికి లాక్కుంది, బండి ముక్కు లేచి దుంగ మీదకెక్కి ఒక బారెడు ముందుకొచ్చింది. దుంగ వెనక్కి చేరగానే "ఆపు, ఆపు" అని కేక. ఆపకపోతే దుంగ పైకి తిరిగొచ్చి ట్యాంకు రేకు చీల్చేస్తుంది. గొలుసు ఊడదీసి, దుంగ మళ్లీ ముందుకి మోసుకెళ్లి, మళ్లీ కట్టి. హెల్పరు కుర్రాడి పళ్లు తప్ప ఇంకేం కనబడలేదు ఆ బురదలో.

కాబట్టి చేలోకి పోయి అరంగుళం ఇనప చువ్వ చేత్తో దింపి చూడు. మూలల్లో, మధ్యలో, డ్రెయిన్ వైపు. ఎక్కడ ఆగితే అక్కడ గుర్తు పెట్టి కొలువు. చేపల చెరువో రొయ్యల చెరువో తవ్వి మళ్లీ వరికి తిప్పిన మడి ఉంటే అక్కడ తప్పకుండా చూడు. చెరువు తవ్వినప్పుడే ఆ పొర పోయి ఉంటుంది. అలాంటి మడిలోకి ఏ మిషనూ దింపొద్దు, కూలీలతో కోయించుకో.

పొడవు వల్ల లాభం లేదని కాదు. గట్టు దాటేటప్పుడు పొట్టి చైను బండి ముక్కు దబ్బున పడుతుంది, పొడుగుది నింపాదిగా దిగుతుంది. కానీ మన మడులు చూశావుగా, పావెకరం, అరెకరం. ప్రతి మూలా తిరగాలి. తిరిగేటప్పుడు పొడుగు చైను పక్కకి ఈడుస్తుంది, మట్టిని గుట్ట పోస్తుంది, రోలర్ల మీద అడ్డ బరువు పడుతుంది. నన్నడిగితే మీ చేలకి వెడల్పుదే మేలు, కడుపు ఎత్తు కుదిరితే.


ఐడహో బావ:

బామ్మర్దీ, నా మాట ఫోరంలో పెట్టి నన్ను బాబాయ్‌గారి ముందు నిలబెట్టావు కదరా! మాది పాలకొల్లేనండి, ఇప్పుడు బోయిసీలో ఉంటాం. బాబాయ్‌గారూ, మీరు చెప్పిన అడుగు సంగతి నాకు తట్టలేదు. మంచుకీ అడుగు ఉంటుంది లెండి, కాకపోతే మనిషి లోతు కిందో, రెండు మనుషుల లోతు కిందో. దాని దాకా దిగితే ఇంటికి రాం.

ఇక్కడి లెక్క చెప్తాను, ఎవరికైనా పనికొస్తుందేమో. కొండల మీద తోలే స్లెడ్లకి, అంటే స్నోమొబైళ్లకి, ట్రాక్ (చైను) పొడవులు ఎక్కువగా 146, 154 లేదా 155, 163 లేదా 165, ఆపైన 174, 175 అంగుళాలు. ఇది మొత్తం చుట్టుకొలత, మీరన్న మూడంకెల హెచ్చవేత లాంటిదే. పది అంగుళాలు పొడుగు ట్రాక్ కొంటే నేలకి ఆనేది పెరిగేది అయిదంగుళాలే, మిగతా అయిదూ పైన తిరుగుతుంటాయి. వెడల్పు పోలారిస్ కంపెనీ కొండ బండ్లకి 15 అంగుళాలు, స్కీ-డూ కంపెనీ సమ్మిట్ బండికి 16. రబ్బరు పళ్లు రెండున్నర నుంచి మూడంగుళాల ఎత్తు. బండి రెండు వందల కిలోల పైచిలుకు.

నా మటుకు 155 దగ్గరే ఆగాను. చెట్ల మధ్య తిప్పుకోవడానికి అది బాగుంటుంది. 165 అయితే లోతు మంచులో, ఏటవాలులో ఎక్కడా ఆగదు, కానీ పక్కకి వాల్చి మలుపు తిప్పాలంటే భుజాలు లాగేస్తాయి. 174 ఎక్కువగా భారీ మనుషులకీ, బాగా నిటారు కొండలు ఎక్కేవాళ్లకీ. పొడుగు ట్రాక్ తిప్పాలంటే ఇంజన్లో సత్తువ కూడా ఉండాలి. ఇక్కడ ఎత్తు పెరిగేకొద్దీ గాలి పలచబడి, ప్రతి వెయ్యి అడుగులకీ పవరు నూటికి ఇంచుమించు మూడు వంతులు తగ్గుతుంది. పదివేల అడుగుల మీద టర్బో లేని బండి మూడో వంతుకి దగ్గరగా పోగొట్టుకుంటుంది. పొడుగు ట్రాక్ వేసి, చిన్న ఇంజన్ పెట్టుకుని కొండ మధ్యలో ఆగిపోయినవాళ్లని చాలామందిని లాగాం.

బండి మన్నిక సంగతంటే, పొడుగుదైనా పొట్టిదైనా ముందు చెయ్యిచ్చేది ఇంజన్ సత్తువని ట్రాక్‌కి అందించే డ్రైవ్ బెల్టే. స్పేర్ బెల్టు లేకుండా ఎవరూ పైకి పోరు. ఇంకోటి, ఈ బండి ఇంజన్ని చల్లబరిచేది ట్రాక్ విసిరే మంచే. మంచు లేని గట్టి ఐసు దారి మీద కొన్ని మైళ్లు తోలితే ఇంజన్ వేడెక్కిపోతుంది, కింద ప్లాస్టిక్ పట్టీలు అరిగిపోతాయి. అందుకే ఐసుని గీకి మంచు పొడి లేపడానికి పక్కన చిన్న ఇనప పుల్లలు తగిలిస్తారు. మీ రబ్బరు చైను మిషన్ని తారు రోడ్డు మీద నడిపించొద్దంటారే, ఇదీ అలాంటిదే.

బామ్మర్దీ, పొడుగు అన్నమాట వెనక్కి తీసుకుంటున్నా. బాబాయ్‌గారు చెప్పిందే విను. అక్కయ్య అడుగుతోంది, పండక్కి పూతరేకులు పంపుతావా లేదా అని.


పాలకొల్లు మినుము:

మిషన్ ఓనర్ల లెక్కలు విన్నాం, చేను ఓనరు గోడు కూడా రాస్తున్నానండి. చైను మిషన్ తిరిగిన ప్రతి మూలా గుంట పడుతుంది. దాళ్వాకి నీళ్లు పెట్టేసరికి అక్కడ మడుగు, పక్కన దిబ్బ. దమ్ముకి ఇంకో చాలు ఎక్కువ పడుతుంది. సార్వా వరిలో కోతకి ముందు మినుము చల్లేవాళ్లం, ఇప్పుడు మిషన్ కింద మొలక నలిగిపోతోందని కోత అయ్యాక చల్లుకుంటున్నాం, అదును పోతోంది. గడ్డి సంగతి సరేసరి, నలిపి ముక్కలు చేసి పారేస్తుంది, గేదె మూతి తిప్పుకుంటుంది. మీరు బండి కొన్నాక డ్రైవరుకి ఒక్క ముక్క చెప్పండి: మూలలో ఉన్నచోట గిర్రున తిప్పకుండా, వెనక్కి తీసి రెండు మూడు దఫాల్లో తిప్పమనండి. మా మడికీ మంచిదే, మీ చైనుకీ మంచిదే.


ఉప్పలగుప్తం కుర్రోడు:

బాబాయ్‌గారూ, పొద్దున్నే చువ్వ పట్టుకుని పోయానండి. చాలా మడుల్లో ఏడెనిమిది అంగుళాల దగ్గర ఆగిపోయింది. డ్రెయిన్ వైపు ఒకటి మా చిన్నాన్న వాళ్లు రొయ్యలు వేసి మానేసిన మడి, అక్కడ చువ్వ పిడిదాకా దిగిపోయింది. దాన్ని వదిలేస్తాం. పొడవు వాళ్లు చెప్పిందే రాశానండి, ఇప్పుడు టేపు పెట్టి కొలిస్తే మొదటిది 162 వచ్చింది! కడుపు ఎత్తు మొదటిదానికి పది అంగుళాలు, రెండోదానికి పన్నెండు. వెడల్పు చైనుదే తీసుకుందామనుకుంటున్నాం. మీటరులో 900 గంటలు చూపిస్తోంది, చైన్లు కొత్తవి వేశామంటున్నారు. పాలకొల్లు అక్కా, మీ మాట డ్రైవరుకి చెప్తానండి, డ్రైవరు మా అన్నయ్యే.


చైనుబండి బాబాయ్ (ముమ్మిడివరం):

162 అయితే కాగితం మీద కూడా రెండోదే మెరుగు, గొడవ వదిలింది.

900 గంటల మాట నమ్మకు. మీటరు వైరు తీసేస్తే గంటలు ఆగిపోతాయి, బండి ఆగదు. డ్రైవరు కాళ్లు పెట్టే పెడలు రబ్బరు చూడు, లివరు పిడి చూడు, సీటు కింద రేకు చూడు. పెడలు నున్నగా ఇనుము తేలి ఉంటే అది 900 గంటల బండి కాదు.

కొత్త చైను అన్నారంటే నేను ముందు స్ప్రాకెట్ చూస్తాను, ఆయ్. చైనుని తిప్పే పళ్ల చక్రం. పళ్లు రెండు వైపులా ఒకే ఆకారంలో ఉండాలి. ఒక వైపే తిని కొక్కెంలా వంగి ఉంటే, అరిగిన చక్రం మీద కొత్త చైను వేసి అమ్ముతున్నారన్నమాట. ఆ చక్రం కొత్త చైనుని కూడా త్వరగా తినేస్తుంది. చక్రాలు రెండూ మార్చే ఖర్చు ధరలో తగ్గించమను. రెండు వైపుల చైన్లూ ఒకే కంపెనీవా, ఒకే అరుగుదలా అని కూడా చూడు. ఒకటి కొత్తది ఒకటి పాతది అయితే బండి ఎప్పుడూ ఒక పక్కకే లాగుతుంది.

బండిని జాకీ మీద లేపించు. లేపనంటే అక్కడే లేచి వచ్చెయ్. లేపాక ప్రతి రోలరునీ చేత్తో తిప్పు. గరగరమన్నా, అటూ ఇటూ ఊగినా దాని బేరింగులోకి బురద నీళ్లు వెళ్లిపోయాయి. రోలరు పక్కన నల్లగా నూనె చెమ్మ ఉంటే ఆయిల్ సీలు పోయినట్టు. మన చేలో చైను మిషన్ ఆగేది ఎక్కువ ఈ సీళ్ల వల్లే, ఇంజన్ వల్ల తక్కువ. గడ్డి పరకలు ఇరుసుకి చుట్టుకుని, వాటి సందున బురద చేరి, సీలుని కోసేస్తాయి. రోజూ సాయంత్రం బండి ఆపాక ఆ గడ్డి లాగి, నీళ్లు కొట్టి కడిగితే రోలర్లు ఎన్నాళ్లైనా నిలుస్తాయి. మీ ఊరు ఉప్పు గాలి ఊరు కాబట్టి చైనుకి పగుళ్లున్నాయేమో కూడా చూసుకో. రబ్బరు చీలి లోపలి ఇనప తీగ బయటపడితే, అక్కణ్ణుంచి తుప్పు లోపలికి పోయి ఒకరోజు చేను మధ్యలో తెగుతుంది.

బెల్టులు, సీళ్లు, రెండు రోలర్లు కొనే రోజే తెచ్చి ఇంట్లో పడెయ్. మీ బావగారి స్పేర్ బెల్టు మాట ఇక్కడా అంతే. కోతల్లో అమలాపురం, రావులపాలెం షాపుల్లో ఆ సామాను కోసం నిలబడితే నీ ముందు పదిమంది ఉంటారు.

ఇక ట్రయలు. చెప్పకుండా పొద్దున్నే వెళ్లు, ఇంజన్ మీద చెయ్యి పెట్టి చూడు, చల్లగా ఉండాలి. ముందే స్టార్ట్ చేసి వేడి చేసి ఉంచారంటే చలి స్టార్టు చూపించడం ఇష్టం లేదన్నమాట. స్టార్టయ్యాక ఒక గంట చేలో తిప్పించు, ఊరికే నిలబెట్టి కాదు, తిప్పించు. ఆ తర్వాత గట్టు ఎక్కించు. హెచ్‌ఎస్‌టీ, అంటే బండిని నడిపే హైడ్రాలిక్ పంపు, అరిగిపోయి ఉంటే చల్లగా ఉన్నప్పుడు గుర్రంలా ఎక్కుతుంది, నూనె వేడెక్కాక గట్టు మొదట్లోనే నీరసపడుతుంది. ఆ ఒక్క రిపేరు అయ్యే ఖర్చుకి కొనాలన్న సరదా తీరిపోతుంది. గంటయ్యాక కూడా గట్టు అదే ఊపుతో ఎక్కితే బేరం మొదలెట్టు.

రేటు ఎంత చెప్పారో ఇక్కడ రాయకు, వాళ్లూ చదువుతుంటారు. నాకు విడిగా మెసేజీ పెట్టు.